రామేశ్వరంలో పెరటివైపు గది

దెయ్యాల విషయంలో ఆళ్లగడ్డలో నా పేరు ముందే చెడిపోయింది. మా వీధిలో ఒకామెకు పూనకం వచ్చి, "ఏ తల్లివమ్మా, ఏం కావాలమ్మా" అని పెద్దవాళ్లంతా చేతులు జోడించి అడుగుతుంటే, "రేషను కార్డు ఉండాదా అడగండి" అన్నవాణ్ణి నేను. ఆమెకు పూనకం అక్కడికక్కడే దిగిపోయింది. ఆ తర్వాత నెల రోజులు ఆ వీధిలో నన్నెవరూ మజ్జిగకు కూడా పిలవలేదు.

కాబట్టి ఇది రాయడానికి నాకే సిగ్గుగా ఉంది. సాక్ష్యంగా నా దగ్గర ఉన్నది ఒక పోస్టుకార్డు. దాని మీద ఒక ముద్ర. మిగతాదంతా నా మాట. నా మాట విలువెంతో పైన చెప్పిన వీధిలో కనుక్కోవచ్చు.

మా అన్న నరసింహులు నాకంటే ఆరేళ్లు పెద్ద. నాయన పోయాక నన్ను చదివించింది ఆయనే. ఆళ్లగడ్డ పోస్టాఫీసులో ఉత్తరాలకు ముద్రలు కొట్టే పనిలో చేరి గుమాస్తా దాకా వచ్చాడు. ఇంటికి ఏ ఉత్తరం వచ్చినా ముందు ముద్ర చూసేవాడు. సగమే పడిన ముద్రను చూసి కూడా ఏ ఊరిదో, ఎప్పుడు బయలుదేరిందో చెప్పేవాడు. పెళ్లి శుభలేఖ వస్తే మా అమ్మ "పెండ్లికూతురు ఎవర్రా" అని అడిగేది. ఆయన "కోయిలకుంట్ల, మొన్న సాయంత్రం" అనేవాడు.

ఆయనకూ పెళ్లి కుదిరింది. తాంబూలాలు పుచ్చుకున్నాక దగ్గు పట్టుకుంది. దగ్గు ఉండిపోయింది, సంబంధం వెళ్లిపోయింది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. అన్న ఏడాదిపాటు ఆసుపత్రిలో ఉండి, ఇంక చేసేదేమీ లేదంటే ఇంటికి వచ్చేశాడు. నేను నంద్యాలలో ఒక జిన్నింగు మిల్లులో పత్తి తూకం దగ్గర గుమాస్తాను. వారమంతా నంద్యాల, ఆదివారం ఆళ్లగడ్డ. నంద్యాలలో మాకు తెలిసిన డాక్టరు ఒకాయన అన్నను చూసి, నన్ను వసారాలోకి పిలిచాడు. సముద్రపు గాలి తగిలితే కొన్నాళ్లు హాయిగా ఉంటాడు, జనం లేని చోటు చూడు అన్నాడు. కొన్నాళ్లంటే ఎన్నాళ్లని అడిగాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. నేను మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాక తిరిగి చూస్తే ఇంకా తుడుస్తూనే ఉన్నాడు.

మా అమ్మకు తెలిసిన సముద్రం ఒక్కటే. అది రామేశ్వరంలో ఉంది. మిగతా సముద్రాలకు అంత గుడి లేదు కాబట్టి అవి లెక్కలోకి రావు. అన్నకు ఏ సముద్రమూ తెలియదు. ఆయన చూసిన అతి పెద్ద నీళ్లు, వరద వచ్చినప్పటి కుందూ ఏరు. "చుట్టూ నీళ్లే అంట గదా ఆ ఊరికి" అని రెండు మూడు సార్లు అడిగాడు. ఏదైనా కావాలని ఆయన నోట చాలా కాలం తర్వాత విన్నాం.

రామేశ్వరం వెళ్లడం కష్టం కాదు. రైలుంది. అక్కడ ఎక్కడ దిగాలన్నదే కష్టం. సత్రంలో మూడు రోజులకు మించి ఉండనివ్వరు. గుడి దగ్గర అద్దె గదులుంటాయి కానీ, అక్కడంతా జనం. పైగా ఆ దగ్గు విన్నవాళ్లెవరూ గది ఇవ్వరు. నేను మిల్లు చిరునామాతో మూడు చోట్లకు ఉత్తరాలు రాశాను. రోగి సంగతి దాచలేదు. దాచినా గుమ్మంలో దగ్గే చెప్పేస్తుంది. రెండు చోట్ల నుంచి కాదని జవాబు వచ్చింది. మూడో చోటి నుంచి జవాబే రాలేదు. కాదన్న ఇద్దరూ ఎంతో మర్యాదగా రాశారు. "రామనాథుని కృపతో మీ సోదరులకు స్వస్థత చేకూరుగాక" అని. కృప ఆయన చూసుకుంటాడు సరే, మంచం ఎవరు వేస్తారు?

ఆ రెండు ఉత్తరాలూ జేబులో పెట్టుకుని ఆదివారం ఆళ్లగడ్డ వెళ్లాను. ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామనే వెళ్లాను. అన్న గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. రెండు రోజులుగా ఏమీ తీసుకోలేదట. అమ్మ జావ గిన్నె పట్టుకుని మంచం పక్కన నిలబడి ఉంది. మా ఇంటి వెనక శిల్పులు రాయి చెక్కుతుంటారు. ఆ ఉలి చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేమీ వినపడటం లేదు.

"ఇల్లు దొరికిందా నాయనా?" అంది అమ్మ.

నా నాలుక నాకంటే ముందు లేస్తుంది. "దొరికిందిమా" అంది.

ఇంక ఇల్లు కట్టక తప్పింది కాదు. ఇటుకా సున్నం లేకుండా ఒక్క పూటలో కట్టేశాను. పాములపాడు వైపు నుంచి మొగుడితో యాత్రకు వెళ్లి, మొగుడు అక్కడే పోతే అక్కడే ఉండిపోయిన ముసలామె ఒకరు. పేరు రంగమ్మవ్వ. ఊరికి దూరంగా ఇసుకలో ఇల్లు. నీలం తలుపు. సముద్రానికి నాలుగు అడుగుల్లో బావి, అయినా తియ్యటి నీళ్లు. రెండు గదులు, ఒకటి సముద్రం వైపు, ఒకటి పెరటివైపు. పెరట్లో మునగ చెట్టు, దానికి కట్టేసిన ఒంటికొమ్ము మేక. రెండో కొమ్ము ఎందుకు తీసేశానో నాకే తెలియదు. అన్నీ సరిగ్గా ఉన్న ఇల్లు ఎవరూ నమ్మరనిపించింది.

అన్న ఇటు తిరిగాడు. "రెండో కొమ్ముకు ఏమాయె?" అన్నాడు.

"అవ్వ చెప్పలేదు. ఉత్తరంలో అడుగుదాం."

గిన్నెడు జావా తాగేశాడు. ఆ గిన్నెతోనే నేను చెడిపోయాను.

తర్వాతి ఆదివారానికి ఉత్తరం కావాలి కదా. నంద్యాలలో నా గదిలో కూర్చుని ఎడమచేత్తో రాశాను. ముసలిచేతి రాతలా వంకర పోయింది, వరసలన్నీ కుడివైపుకు జారిపోయాయి. నాకే ముచ్చటేసింది. తీసుకెళ్లి అన్న చేతిలో పెట్టాను.

కాగితం అటూ ఇటూ తిప్పాడు. "కవరు యాడరా?"

"మిల్లులో పారేసినా."

"ఊఁ" అన్నాడు. నన్నొకసారి చూసి, చదవడం మొదలుపెట్టాడు.

పోస్టాఫీసు గుమాస్తాకు కవరు లేని ఉత్తరం తీసుకెళ్లి ఇవ్వడం, కంసాలికి ఇత్తడి చూపించి బంగారం అనడం లాంటిది. ఆ సంగతి నాకు తట్టలేదు. నా అంత తెలివైనవాళ్లకు ఇలాంటివి తట్టవు.

ఇలా ఆదివారాలు గడిచాయి. అవ్వ ఉత్తరం తెస్తాను, అన్న చదువుతాడు, అమ్మకు మళ్లీ చదివి వినిపిస్తాను. అన్న జవాబు చెబుతాడు, నేను రాసుకుంటాను. ఆ జవాబులను పోస్టు చేయడానికి చిరునామా ఏది? నంద్యాల తీసుకొచ్చి, ఖాళీ బిస్కెట్ల డబ్బాలో పెట్టి, డబ్బా పెట్టెలో పెట్టి తాళం వేసేవాణ్ణి. తాళంచెవి మొలతాడుకు ఉండేది.

రెండు గదుల్లో ఏది తీసుకోవాలన్నది మా ఇంట్లో పెద్ద వ్యవహారమైపోయింది. అమ్మ సముద్రం వైపుది అనేది. గాలి కోసమే కదా అంత దూరం పోయేది అని ఆమె వాదన. న్యాయమే. అన్న ఒప్పుకోలేదు.

"పెరటివైపుదే మేలుమా. మేక ఉంటాది, అవ్వ వస్తా పోతా ఉంటాది."

"సముద్రం చూడాలని నువ్వే అంటివి గదరా?"

"చూసొస్తా. దానెదురుగా పండుకోను. అది రేయింబగళ్లు ఊపిరి తీస్తానే ఉంటాదంట. చూస్తాంటే నాకు కుళ్లు పుడ్తాది."

నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు.

ఇంకొక ఆదివారం నేను చదువుతుంటే మధ్యలో ఆపాడు. "నీలం కాదురా, పచ్చ" అన్నాడు.

"ఏందిన్నా?"

"తలుపు. పచ్చదే. ఎండ పడి నీలంగా కనపడ్తాది."

ఇల్లు కట్టిన మేస్త్రీని నేను, తలుపు రంగు నాకు తెలియదా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. జ్వరం మాటలనుకున్నాను.

ఆ నెలల్లో నేను కూడా ఊరికే లేనని చెప్పుకోవాలి. మరో రెండు చోట్లకు నిజం ఉత్తరాలు రాశాను. మిల్లుకు వచ్చే తమిళ వ్యాపారి ఒకాయన్ను కాళ్లావేళ్లా పడి అడిగాను. "ఇల్లు చూడొచ్చు, రోగం చూసుకుని ఎవరిస్తారు తమ్ముడూ" అన్నాడాయన. నేనే వెళ్లి చూసి వద్దామంటే, ఆ నాలుగు రోజుల్లో ఏమవుతుందోనన్న భయం. అటు అన్న రోజురోజుకూ మంచంలో చిన్నవాడైపోతున్నాడు. ప్రయాణం ఎప్పుడని అమ్మ అడిగినప్పుడల్లా అవ్వ చేత ఏదో ఒక అడ్డం రాయించేవాణ్ణి. "వానలు పోనీ, రాండి" అని. "గోడలకు సున్నం కొట్టిస్తాండా, ఆరనీ" అని. మా అన్న పోతున్నాడు. నేను చేయగలిగింది, లేని గోడకు సున్నం కొట్టించడం.

ఆఖరి ఆదివారం అమ్మ పాల కోసం పక్కింటికి వెళ్లింది. అన్న కళ్లతోనే కాగితం తెమ్మన్నాడు. ఒక్కొక్క మాటకూ ఆగి ఆగి చెప్పాడు.

"పెరటివైపు గది నాకు. సముద్రం వైపుది అమ్మకూ, నీకూ. వాళ్లకు తొందరేం లేదు, నిదానంగా వస్తారని రాయి."

"ముగ్గురం కలిసే పోతాం గదన్నా."

"రాయరా."

రాశాను. మడిచి జేబులో పెట్టుకున్నాను. నేను బస్సుకు లేచి గుమ్మం దాటుతుంటే వెనక నుంచి పిలిచాడు.

"ఓబులా. ఈసారి పోస్టు చెయ్ రా."

"చేస్తాలేన్నా" అని వచ్చేశాను. బస్సు శిరివెళ్ల దాటిన తర్వాతగానీ ఆ మాట నా బుర్రలోకి ఎక్కలేదు.

బుధవారం మధ్యాహ్నం పోయాడు. నేను పత్తి తూకం దగ్గర ఉన్నాను.

పక్క తీసేటప్పుడు దిండు కింద నా ఉత్తరాల కట్ట దొరికింది. పదకొండు. ప్రతి కాగితం మీదా కుడివైపు పైన, పెన్సిలుతో గుండ్రంగా ముద్ర గీసి ఉంది. లోపల ఒక వలయం, బయట ఒక వలయం, మధ్యలో తారీకు, చుట్టూ రామేశ్వరం అని పేరు. తారీకులు చూశాను. ఒక్కటీ ఆదివారానిది కాదు. అక్కడి నుంచి ఇక్కడికి టపా రావడానికి ఎన్ని రోజులు పడుతుందో చూసుకుని, అన్ని రోజులు వెనక్కు వేశాడు. నా అబద్ధంలో నేను మరిచిపోయిన పనిని మా అన్న ప్రతి వారం కూర్చుని పూర్తిచేశాడు. మొదటి కాగితం నుంచీ ఆయనకు తెలుసు.

అమ్మకు తెలియదు. ఆమెకు రంగమ్మవ్వ ఇప్పటికీ మనిషే. "పాపం అవ్వ ఎదురు చూస్తాంటాది, రాయి నాయనా" అంది. రాస్తానన్నాను.

అన్న పోయిన మూడో ఆదివారం నంద్యాలలోనే ఉండిపోయాను. ఆళ్లగడ్డ వెళ్లబుద్ధి కాలేదు. పొద్దున పది గంటలప్పుడు, అలవాటైన చెయ్యి కాగితం తీసింది. ఈసారి కుడిచెయ్యి. రాసిన ముక్కలు గుర్తున్నాయి కాబట్టి ఇక్కడ ఎత్తి రాస్తున్నాను: "అవ్వా, మా అన్న రాలేడు. ఆ గది ఇంకెవరికైనా ఇయ్యి. ఇంగ నేను రాయను." అంతే. డబ్బాలో పెట్టి, పెట్టెకు తాళం వేశాను. ఎవరికీ చూపలేదు, చెప్పలేదు. తర్వాత హోటలుకు వెళ్లి దోసె తిన్నాను. నిజం చెప్పాలంటే రెండు. మతి చలించిన మనిషి లక్షణాలు నాలో లేవని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నెల మాసికానికి సెలవు పెట్టి ఆళ్లగడ్డ వచ్చాను. పొద్దున పదకొండు గంటలు. పురోహితుడు ఇంకా రాలేదు. నేను వాకిట్లో అరిటాకులు తుడుస్తున్నాను. పోస్టుమాను మౌలాలి వచ్చాడు. అన్నతో ఎన్నో ఏళ్లు పనిచేసినవాడు, అన్నను మోసిన నలుగురిలో ఒకడు. కార్డు చేతిలో పట్టుకుని ఇవ్వకుండా నిలబడ్డాడు.

"ఓబులేసప్పా, రామేశ్వరంలో మీకెవరుండారు?"

నేను నోరు తెరిచేలోపలే వంటింట్లోంచి అమ్మ జవాబు చెప్పింది. "రంగమ్మవ్వ ఉండాది మౌలాలీ." పక్కవీధి మనిషిని చెప్పినట్టే చెప్పింది.

కార్డు తీసుకున్నాను. నా పేరు, ఆళ్లగడ్డ ఇంటి చిరునామా. రాత వంకరగా ఉంది. వరసలన్నీ కుడివైపుకు జారిపోయి ఉన్నాయి. అది నా ఎడమచేతి రాత.

"ఓబులేసుకు రంగమ్మవ్వ దీవెనలు. గది ఇంకెవరికైనా ఇయ్యమని రాసినావు. మనిషి వచ్చి ఉండంగా ఎట్ల ఇచ్చేది నాయనా? పెరటివైపు గదిలోనే ఉండాడు. దగ్గు లేదు. తలుపు పచ్చదేనని నీకు చెప్పమన్నాడు. సముద్రం వైపు గది ఊడ్చి పెట్టినా. తొందరేం లేదు, నిదానంగా రాండి."

ఆకులు ఎప్పుడు కింద పడేశానో తెలియదు. మౌలాలి వంగి ఏరిపెట్టాడు. ముద్ర సరైనదేనా చూడన్నాను. వెలుతురులోకి పట్టుకుని చాలాసేపు చూశాడు. "అసలుదే అప్పా. ఆడ కొట్టిందే, ఆళ్లగడ్డ ముద్ర ఈ పొద్దున నేనే కొట్టినా. నర్సిములన్న ఉంటే ఇంగా బాగ చెప్తుండె" అన్నాడు. అని, తన మాటకు తనే తల దించుకుని వెళ్లిపోయాడు.

అమ్మ చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "చదువు నాయనా" అంది.

అన్ని నెలలూ లేని ఉత్తరాలు అమ్మకు చదివి వినిపించాను, ఎక్కడా తడబడలేదు. ఉన్న ఉత్తరాన్ని చదవడం ఇదే మొదలు. ఒక్క ముక్క కూడా మార్చకుండా చదివాను. అమ్మ నిలబడి విన్నది.

"దగ్గు లేదంటనా?"

"లేదంటమా."

"మేక సంగతి రాయలేదా?"

"రాయలేదు."

"సర్లే" అని లోపలికి వెళ్లింది. నెల రోజుల్లో ఆ రోజే అమ్మ కడుపునిండా తినడం చూశాను.

మరుసటి రోజు నంద్యాల వెళ్లి పెట్టె తెరిచాను. డబ్బాలో అన్న చెప్పిన జవాబులన్నీ ఉన్నాయి. పోస్టు చెయ్యమన్నదీ ఉంది. అన్నిటికంటే పైన, నేను ఆఖరున రాసిన ముక్క, పెట్టిన మడతలోనే ఉంది.

ఇప్పుడు మీరు అనుకునేవన్నీ నేనూ అనుకున్నాను. మొదటి అనుమానం నా మీదే. రాత నాది, కథ నాది, అబద్ధాల చరిత్ర కూడా నాదే. నేను పోలీసునైతే నన్నే పట్టుకునేవాణ్ణి. కానీ ఆ ఆఖరి ముక్క రాసిన దగ్గర్నుంచి మాసికం దాకా నేను నంద్యాలలో మిల్లులో ఉన్నాను. హాజరు పుస్తకంలో రోజూ నా సంతకం ఉంది. రామేశ్వరంలో కార్డు వేసి రావడానికి నాకు రెక్కలు లేవు, వేయించడానికి అక్కడ మనిషి లేడు.

రెండో అనుమానం అన్న మీద. పోస్టాఫీసు మనిషి, ముద్ర లేని ఉత్తరం మనసుకు పట్టదు. పోయేముందు ఆ ఊరి టపా గుమాస్తా ఎవరికో రాసి, ఇలా ఒక కార్డు వెయ్యమని కోరి ఉండవచ్చు. గది, తలుపు, నిదానంగా రాండి అనడం, అన్నీ దీంతో సరిపోతాయి. కొన్నాళ్లు దీన్నే నమ్మి నిద్రపోయాను. కానీ గది ఇంకెవరికైనా ఇయ్యమని నేను రాసింది ఆయన పోయిన మూడో ఆదివారం. ఆ ముక్కను చూసినవాళ్లు ఇద్దరే. ఒకరు నేను, రెండోది డబ్బా.

మూడో అనుమానం లేదు. ఉంటే చెప్పండి, సంతోషంగా తీసుకుంటాను.

ఇది జరిగి మూడేళ్లు కావస్తోంది. ఆ తర్వాత ఇంకో కార్డు రాలేదు. ఉన్న కార్డులో ఊరి పేరు తప్ప వీధి లేదు, ఇంటి నంబరు లేదు. నేను రామేశ్వరం వెళ్లలేదు. చుట్టాలు ఎవరైనా "ముసలితనంలో అంత దూరం పోయి యాడ దిగుతావు పెద్దమ్మా" అంటే అమ్మ తడుముకోకుండా "మాకు ఇల్లుండాది" అంటుంది. ఎప్పుడు పోదామని నన్ను అడుగుతుంది.

నేను దెయ్యాలను నమ్మను. ఇప్పటికీ నమ్మను. ఒక ఇల్లు ఉందో లేదో చూసి రావడానికి ఆ నమ్మకంతో పనిలేదు, రైలు టిక్కెట్టు చాలు. వెళితే ఆ ఇల్లు లేకపోవచ్చు. అప్పుడు మా అన్న రెండోసారి పోతాడు, ఈసారి అమ్మ కళ్లముందు, నా అబద్ధం వల్ల. ఇల్లు ఉందనుకోండి. అప్పుడు ఆ పచ్చ తలుపు తట్టాల్సింది నేను.

మొన్న ఆదివారం అమ్మ మళ్లీ అడిగింది. "వానలు పోనీమా" అన్నాను. అది రంగమ్మవ్వ మాట. ఒకప్పుడైతే దాన్ని నేనే పుట్టించానని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పేవాణ్ణి.